రేవు వంశం అడగదు

మోల్డెలో నవంబరు. నాలుగు కొట్టకముందే చీకటి.
తెర్నా అనే ఫెర్రీ రేవులో నిలబడి
లేని ఇంజన్‌ను వేడి చేసుకుంటోంది.

నాలుగు నిమిషాలు.
దానికున్నది బ్యాటరీ. పొగగొట్టం లేదు,
నూనె మరకైనా లేదు.
అయినా ఆగింది, పెద్దలు చెప్పారు కాబట్టి.

వరుసలో పదిహేడు కార్లు, ఒక చేపల లారీ,
అవతలి ఒడ్డున ఎవరికో నొప్పులు మొదలైతే
సంచీ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరిన మంత్రసాని గున్‌వోర్.

ఆ ఒక్క వరుస రాసింది నేనే.
పొద్దున, కాఫీ చల్లారకముందు,
'నౌక' అనే మూల క్లాసులో:
బయల్దేరే ముందు ఇంజన్ కాగనివ్వు.
పాత డీజిల్ ఓడ ఒకటి చలికి దగ్గుతోందని
మందు తీసుకెళ్ళి తాతకు పోశాను.
మనవలందరి గొంతులోనూ దిగింది.

ఆ నౌకను తోర్‌గెయిర్ రాశాడు, ఇరవై ఆరేళ్ళ కిందట.
నడక, కూత, ఇంధనం లెక్క,
పొగమంచులో ఎంత నెమ్మదించాలో ఆ లెక్క,
అన్నీ కడుపున పుట్టినవాటికి దక్కాలని.
ఆస్తి మంచిదే. రాయక్కర్లేదు, అడగక్కర్లేదు,
కళ్ళు తెరిచేసరికి ఉంటుంది.
ఏ గదిలో ఏ అప్పుపత్రం దాగుందో
పుట్టినవాడికి తెలియదు, అంతే.
తాతలు నేతులు తాగారట,
తెర్నా మూతికి డీజిల్ వాసన.

పక్క కుర్చీలోని సున్నివా నన్నేమీ అనలేదు.
కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచి
"ఆ ఇనుప పలకను చూడు" అంది.
రేవు చివర లేచి దిగే పలక.
"వెడల్పు ఇంత, ఎత్తు ఇంత. ముక్కు అందులో కూర్చుంటే చాలు.
నువ్వెవరి బిడ్డవని ఏ ఓడనైనా అడిగిందా అది?"

ఆ రాత్రి వంశవృక్షం కొట్టేశాం.
మూడు మాటలు మిగిల్చాం:
బయల్దేరు. చేరు. ఎక్కడున్నావో చెప్పు.
ఎలాగో రాయలేదు.
కింద ప్రతి ఓడా సంతకం పెట్టింది,
ఎవరి తంటాలు వాళ్ళు పడతామని.

మర్నాడు మధ్యాహ్నం దాకా గర్వంగా ఉన్నాను.

పరీక్షల కోసం ఎవరో కట్టిన ఉత్తుత్తి ఓడ ఒకటి
అదే కాగితం మీద సంతకం పెట్టేసింది.
బయల్దేరు అంటే సరే అంది.
చేరు అంటే చేరాను అంది.
అంగుళం కదల్లేదు.
కంపైలర్ కిక్కురుమనలేదు.
పేరు గొప్ప, ఊరు దిబ్బ;
మాట ఇచ్చావా అని చూస్తుంది గాని
నిలబెట్టుకున్నావా అని అది చూడదు.

ఇంకోటి. తాత పోయాక పొగమంచు లెక్క
ఎవరికి వారు రాసుకోవాల్సి వచ్చింది.
పదకొండు ఫైళ్ళలో నేనే అతికించాను.
ఏడోదానిలో తీసివేత ఉండాల్సిన చోట కూడిక.
మంచు చిక్కబడేకొద్దీ ఆ ఓడ వేగం పెంచుతుందట!
సున్నివా పట్టుకోకపోతే...

తోర్‌గెయిర్‌కు ఫోన్ చేశాను.
రిటైరయ్యాడు, తన చిన్న పడవ అడుగున గుల్లలు గీకుతున్నాడు,
ఆ గీకుడు ఫోన్లో వినిపిస్తోంది.
"పొగమంచు లెక్కా? తీసుకో.
నన్ను మాత్రం తండ్రిని చెయ్యకు.
పక్కింట్లో నిచ్చెన అడిగినట్టు అడుగు,
పనయ్యాక గోడకు చేరేసి వెళ్ళు."

అలాగే చేశాం. ఇప్పుడు తెర్నా
ఆ లెక్కను నెత్తురులో మొయ్యదు, చేత్తో పట్టుకుంటుంది.
కావాలంటే మార్చుకుంటుంది.

నేనూ ఆ ఫెర్రీలోనే ఇంటికెళ్తాను.
నిన్న గున్‌వోర్ కనిపించింది.
ఆ రోజు పాప ఈవిడ చేరకముందే పుట్టేసిందట,
ముక్కు తాతదేనని ఇంటిల్లిపాదీ అప్పుడే తేల్చేశారట.
"మరి ఏడుపు?" అన్నాను.
నవ్వి, కారు స్టార్ట్ చేసింది.
ఇనుప పలక కిందికి దిగుతోంది.